బొగ్గుపోగు వెలిగిన రోజులు: తొలి విద్యుద్దీపాల తయారీ

(గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. పెద్దలకు, పిల్లలకు, ముఖ్యంగా వెనక వరసలో కూర్చున్న మన ఊరి ఎలక్ట్రీషియన్ సోదరులకు నమస్కారం.

ముందొక చిన్న ప్రయోగం చేసి మాటల్లోకి వస్తాను. ఇది మోటారు సైకిలు బ్యాటరీ, 12 వోల్టులు. ఇది మీరంతా వాడే నొక్కుడు పెన్సిల్లో వేసుకునే ముల్లు, 0.7 మిల్లీమీటర్ల మందం. ఈ ముల్లుకు రెండు చివర్లా క్లిప్పులు పెట్టి బ్యాటరీకి కలుపుతున్నాను. పిల్లలూ, ఇంట్లో గోడ ప్లగ్గుతో మాత్రం ఇలాంటివి ఎప్పుడూ చేయకండి, ప్రాణాలు పోతాయి. అయ్యా, ఒక్క నిమిషం లైట్లు ఆపించండి.

(ప్రయోగం జరిగింది. సభలోంచి ఒకరు: "పొగొస్తోందండీ!")

అవును, ముందు పొగ. ముల్లులో కలిపిన జిగురూ మైనమూ కాలి వచ్చిన పొగ అది. ఆ తర్వాత ఎర్రగా మారింది, ఎరుపు నారింజ అయింది, ఆపైన కళ్లు జిగేల్మనేంత తెల్లటి వెలుగు వచ్చింది. ఈ హాలు ఆ మూల దాకా కనిపించింది కదా? అంతలోనే టప్పున మధ్యలో తెగిపోయింది. కొన్ని సెకన్లు, అంతే. లైట్లు వేయండి.

ఇప్పుడు మీరు చూసినది 1800 ప్రాంతంలోనే మనుషులకు తెలుసు. లండన్‌లో హంఫ్రీ డేవీ 1802లోనే బ్యాటరీ కరెంటుతో ప్లాటినం రేకును వెలిగించి చూపించాడు. అంటే కరెంటు పారిస్తే వస్తువు వేడెక్కి వెలుగుతుందన్న సంగతి ఎడిసన్ కనిపెట్టింది కాదు. ఎడిసన్ పుట్టిందే 1847లో. 1841లో ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ డి మోలెన్స్ ఇలాంటి దీపానికి పేటెంటు తీసుకున్నాడు. 1845లో జాన్ స్టార్ అనే అమెరికా కుర్రవాడు గాజులో, శూన్యంలో బొగ్గు ముక్కను వెలిగించాడు. పాపం, మరుసటి ఏడాదే చనిపోయాడు. రష్యాలో లొదీగిన్, కెనడాలో వుడ్‌వర్డ్, ఇవాన్స్, అమెరికాలో మోజెస్ ఫార్మర్, ఇంకా ఎందరో ఇదే పనిలో ఉన్నారు. దాదాపు 80 ఏళ్ల పాటు ఎందరో తెలివైనవాళ్లు దీపం వెలిగిస్తూనే ఉన్నారు, అది ఆరిపోతూనే ఉంది.

ఈ ఒక్క విషయమే ఇవాళ నేను మీ ముందు పెట్టదలుచుకున్నాను. ఒక దీపాన్ని ఒకసారి వెలిగించడం చాలామందికి చేతనయింది. అదే దీపాన్ని వెయ్యి గంటలు నిలబెట్టడం, అచ్చం అలాంటివే మరో పది వేలు చేసి మామూలు మనిషి కొనగలిగిన ధరకు అమ్మడం, అసలు కథంతా అక్కడ ఉంది. ఆ కథలో పేరున్న శాస్త్రవేత్తలు ఉన్నారు. వాళ్లతో సమానంగా గాజు ఊదేవాళ్లు, పాదరసం పంపుల దగ్గర రాత్రంతా నిలబడ్డవాళ్లు, వెదురు చీల్చినవాళ్లు ఉన్నారు. వాళ్ల గురించి మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యం కూడా లేకపోవడం నాకు ఎప్పటినుంచో బాధ.

సరే, మన ముల్లు ఎందుకు తెగింది? రెండు కారణాలు. మొదటిది అందరికీ తెలిసిందే, గాలి. గాలిలో ఆక్సిజన్ ఉంది, బొగ్గు వేడెక్కితే కాలిపోతుంది. రెండో కారణం కొంచెం లోతుగా చూడాలి. ముల్లు పొడవునా ఒకే మందం ఉన్నట్టు కనిపిస్తుంది కానీ ఎక్కడో ఒకచోట వెంట్రుకవాసి సన్నగా ఉంటుంది. సన్నగా ఉన్నచోట కరెంటుకు నిరోధం ఎక్కువ, కాబట్టి అక్కడ వేడి ఎక్కువ. వేడి ఎక్కువైతే అక్కడ ఇంకా త్వరగా అరుగుతుంది. అరిగేకొద్దీ ఇంకా వేడి. బలహీనమైన చోటే మరింత బలహీనపడుతూ చివరికి అక్కడే తెగుతుంది. ఇది గాలి లేకపోయినా జరుగుతుంది, కాకపోతే నెమ్మదిగా. అందుకే మంచి శూన్యం ఒక్కటే చాలదు, పోగు, అంటే దీపంలో వెలిగే ఆ సన్నటి పుల్ల, ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే మందంలో, ఒకే గుణంలో ఉండాలి. ఈ రెండూ ఒకేసారి కుదరడానికి 80 ఏళ్లు పట్టింది.

ముందు గాలి సంగతి. అప్పట్లో గాలి తీయడానికి ముషలకం, అంటే పిస్టన్, ఉన్న పంపులు ఉండేవి. ముషలకం చుట్టూ ఎంత బాగా తోలు బిగించినా ఎక్కడో సందుంటుంది. ఎంత లాగినా గాజుబుడ్డిలో కొంత గాలి మిగిలేది. ఆ కొంత గాలి చాలు, బొగ్గును తినేయడానికి. 1865లో హెర్మన్ స్ప్రెంగెల్ అనే రసాయన శాస్త్రవేత్త లండన్‌లో ఒక కొత్త పంపు చేశాడు. అందులో కదిలే భాగం పాదరసం ఒక్కటే. పైన గిన్నెలో పాదరసం ఉంటుంది. అది సన్నటి నిలువు గాజుగొట్టంలోకి బొట్టుబొట్టుగా జారుతుంది. ఆ గొట్టానికి పక్కన ఒక కొమ్మలాంటి గొట్టం, దాని చివర మనం ఖాళీ చేయాల్సిన బుడ్డి. ఒక పాదరసం బొట్టు జారి ఇంకో బొట్టు జారే లోపు ఆ మధ్యలో బుడ్డిలోంచి కొంచెం గాలి వచ్చి ఇరుక్కుంటుంది. కింది బొట్టు, పై బొట్టు కలిసి ఆ గాలిని కిందికి ఈడ్చుకుపోతాయి. తర్వాత మళ్లీ ఇంకొంచెం. కింద పడ్డ పాదరసాన్ని ఎత్తి మళ్లీ పైగిన్నెలో పోయాలి. గంటల తరబడి ఇలా చేస్తే బుడ్డిలో గాలి పది లక్షల వంతుల్లో ఒక వంతుకు పడిపోతుంది.

విలియం క్రూక్స్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త 1870ల్లో ఈ పంపును మెరుగుపరిచి, వెలుగు పడితే గాజుబుడ్డిలో రెక్కలు తిరిగే తన రేడియోమీటరును చేసి లోకానికి చూపించాడు. అది చూసి, వదిలేసిన పాత పనిని మళ్లీ పట్టుకున్న మనిషి జోసెఫ్ స్వాన్.

స్వాన్ గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే మనవాళ్లకు ఆయన పేరు తెలియదు. 1828లో ఇంగ్లండ్ ఉత్తరాన సండర్‌లాండ్‌లో పుట్టాడు. న్యూకాజిల్‌లో మందులు, రసాయనాలు అమ్మే కొట్టులో పనిచేసి, తర్వాత అందులోనే భాగస్వామి అయ్యాడు. ఫొటోలు ముద్రించే పద్ధతుల్లో ఆయన చేసిన పని ఒక్కటే ఆయన పేరు నిలబెట్టడానికి చాలు. 1860 నాటికే కాగితాన్ని బొగ్గుగా మార్చి గాజులో వెలిగించి చూశాడు. పంపు సరైంది లేదు, బ్యాటరీ చాలదు, వదిలేశాడు. క్రూక్స్ శూన్యాన్ని చూశాక చార్లెస్ స్టెర్న్ అనే ఆయనతో కలిశాడు. స్టెర్న్‌కు పాదరసం పంపు మీద మంచి పట్టు ఉంది. గాజు పనికి ఫ్రెడ్ టోపమ్ ఉన్నాడు.

వాళ్లకు ఒక వింత ఎదురైంది. బుడ్డిని పూర్తిగా ఖాళీ చేసి మూసి దీపం వెలిగిస్తే, గాజు లోపల నల్లగా మసి పట్టేది, బొగ్గు తెగిపోయేది. గాలి లేదు కదా, ఎలా కాలుతోంది? కనిపెట్టిందేమంటే, గాలి బొగ్గులోనే దాక్కుని ఉంది. బొగ్గు నిండా సన్నటి రంధ్రాలు, వాటిలో వాయువులు. చల్లగా ఉన్నంతసేపూ అవి బయటికి రావు. వెలిగించగానే బయటపడి శూన్యాన్ని చెడగొడతాయి. మరి ఏం చేయాలి? బుడ్డి పంపుకు తగిలించి ఉండగానే కరెంటు ఇచ్చి బొగ్గును ఎర్రగా, తెల్లగా కాల్చాలి. దాక్కున్న వాయువు బయటికి వస్తూంటే పంపు లాగేస్తూ ఉండాలి. ఇంకేమీ రాదనుకున్నాకే గాజు మెడను మంటతో కరిగించి మూసేయాలి. ఈ చిన్న కిటుకు దీపం ఆయుష్షును ఎన్నో రెట్లు పెంచింది. అట్లాంటిక్ అవతల ఎడిసన్ మనుషులు కూడా ప్లాటినంతో పనిచేస్తూ 1879లో ఇదే సంగతిని విడిగా తెలుసుకున్నారు.

1879 ఫిబ్రవరి 3న న్యూకాజిల్‌లోని సాహిత్య తాత్విక సంఘం హాలులో సుమారు 700 మంది ముందు స్వాన్ తన దీపాన్ని వెలిగించాడు. ఆనాటి సభకు అధ్యక్షుడు విలియం ఆర్మ్‌స్ట్రాంగ్, తుపాకులూ జలయంత్రాలూ చేసిన పెద్ద పారిశ్రామికవేత్త. మరుసటి ఏడాది డిసెంబరులో ఆర్మ్‌స్ట్రాంగ్ క్రాగ్‌సైడ్‌లోని తన బంగళాలో స్వాన్ దీపాలు పెట్టించుకున్నాడు. కరెంటు ఎక్కడిదంటారా? తన ఎస్టేటులో పారే నీటితో డైనమో తిప్పి తెచ్చుకున్నాడు. 1881 చివరికి లండన్‌లోని సవాయ్ నాటకశాల మొత్తం స్వాన్ దీపాలతో వెలిగింది, సుమారు 1,200 దీపాలు. గ్యాసు దీపాల వేడికీ వాసనకూ ఊపిరాడక నాటకాలు చూసిన జనానికి అది ఎంత హాయిగా ఉండి ఉంటుందో ఊహించుకోండి.

అలాంటప్పుడు ఎడిసన్ గొప్పేమిటి? ఉంది, చాలా ఉంది. దీన్ని మన ఎలక్ట్రీషియన్ సోదరులే అందరికంటే బాగా పట్టుకుంటారు.

స్వాన్ 1879లో చూపించిన దీపంలో ఉన్నది పొట్టిగా, కాస్త లావుగా ఉన్న బొగ్గు కడ్డీ. దాని నిరోధం చాలా తక్కువ. లెక్క కోసం ఒక ఓము అనుకుందాం. 100 వాట్లు ఖర్చు చేయాలంటే ఆ దీపానికి 10 వోల్టులు ఇచ్చి 10 ఆంపియర్లు పారించాలి. ఒక్క దీపమైతే సరే. వీధిలో 100 దీపాలు, ఎవరిది వాళ్లు వేసుకునేలా, ఆపుకునేలా పెట్టామనుకోండి. 1,000 ఆంపియర్లు! ఏ తీగ మోస్తుంది? ఇప్పుడు దీపం నిరోధం 100 ఓములు అనుకోండి. 100 వోల్టులు ఇస్తే ఒక్క ఆంపియరు చాలు, అవే 100 వాట్లు. 100 దీపాలకు 100 ఆంపియర్లు. కరెంటు పదో వంతుకు తగ్గింది. తీగలో వేడిగా పోయే నష్టం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక, అదే తీగలో నష్టం నూరో వంతుకు పడిపోయింది. లేదా అంతే నష్టానికి ఒప్పుకుంటే రాగి నూరో వంతు ఉంటే చాలు. ఊరంతా తీగలు వేసేవాడికి దీనికి మించిన లెక్క ఉందా?

1878 సెప్టెంబరులో ఎడిసన్ కనెక్టికట్‌లోని ఆన్సోనియాలో విలియం వాలెస్ వర్క్‌షాపుకు వెళ్లి రెండు బొగ్గు కడ్డీల మధ్య మెరుపుతో వెలిగే పెద్ద ఆర్క్ దీపాలు చూశాడు. తిరిగొచ్చిన వారం రోజుల్లోనే దీపాల సమస్య తీరిపోయినట్టు పత్రికకు చెప్పేశాడు. గ్యాసు కంపెనీల షేర్లు పడిపోయాయి. నిజానికి అప్పటికి ఆయన చేతిలో ఏమీ లేదు, ప్లాటినం తీగ చుట్టలు తప్ప. ఏడాది పైగా వాటితో కుస్తీ పట్టాడు. ఆ ఆర్భాటం నాకు నచ్చదు. కానీ ఆ ఏడాదిలో ఆయన, ఫ్రాన్సిస్ అప్టన్ అనే గణితం చదివిన కుర్రవాడు కలిసి రాగి ఖర్చు లెక్కలు వేసి, దీపం నిరోధం ఎక్కువగా ఉండి తీరాలని తేల్చారు. దీపం దగ్గర మొదలుపెట్టి డైనమో దాకా పోలేదు వాళ్లు. ఊరు, వీధి, తీగ, గ్యాసు బిల్లు, అక్కడ మొదలుపెట్టి దీపం దగ్గరికి వచ్చారు. నా దృష్టిలో ఎడిసన్ అసలు ఘనత ఇదే.

నిరోధం ఎక్కువ కావాలంటే పోగు పొడుగ్గా, దారంలా సన్నగా ఉండాలి. అంత సన్నటి బొగ్గుపోగును ఎలా చేశారో చెబుతాను.

న్యూజెర్సీ రాష్ట్రంలో మెన్లో పార్క్ అనే చిన్న ఊళ్లో ఎడిసన్ ప్రయోగశాల. 1879 అక్టోబరు. మామూలు నూలు కుట్టుదారం తీసుకున్నారు. దాన్ని గుర్రపు నాడా ఆకారంలో వంచి చిన్న మూసలో పెట్టి, చుట్టూ బొగ్గుపొడి కూరి, గాలి చొరకుండా మట్టితో మూసి కొలిమిలో గంటల తరబడి కాల్చారు. మన పల్లెల్లో బొగ్గులు కాల్చేవాళ్లు కట్టెలు పేర్చి పైన మట్టి కప్పి లోపల మంట రగిలిస్తారు చూశారా, సూత్రం అదే. గాలి అందితే బూడిద, అందకపోతే బొగ్గు. కొలిమి చల్లారాక మూస విప్పితే దారం ఆకారంలో బొగ్గు ఉంటుంది, ముట్టుకుంటే విరుగుతుంది. ఎడిసన్ తర్వాత చెప్పుకున్న ప్రకారం, ఆయన సహాయకుడు చార్లెస్ బాచలర్ అలాంటి పోగొకదాన్ని ఎంతో జాగ్రత్తగా గాజు ఊదేవాడి ఇంటికి తీసుకెళ్తుంటే సరిగ్గా గుమ్మం దగ్గరికి వచ్చేసరికి విరిగిపోయిందట. వెనక్కొచ్చి ఇంకోటి చేశారు. దాని మీద కంసాలి వాడే చిన్న స్క్రూడ్రైవరు పడి అదీ విరిగిందట. మళ్లీ చేశారు.

గాజు ఊదినవాడు లుడ్విగ్ బోమ్, జర్మనీ నుంచి వచ్చిన కుర్రవాడు. పాదరసం పంపు దగ్గర నిలబడ్డవాడు ఫ్రాన్సిస్ జెల్, ఇరవై ఏళ్లు కూడా లేవు. అక్టోబరు 22 తెల్లవారుజామున వెలిగించిన నూలుదారం దీపం సుమారు 13 గంటల 30 నిమిషాలు వెలిగిందని ప్రయోగశాల నోటుపుస్తకం చెబుతోంది. 40 గంటలు వెలిగిందని మనం పుస్తకాల్లో చదువుకునేది తర్వాత పెరిగిన కథ. నాకు 13 గంటల లెక్కే ఇష్టం, అది ఎవరో కాగితం మీద పెన్సిలుతో రాసిపెట్టిన లెక్క. నవంబరు 4న పేటెంటుకు దరఖాస్తు చేశారు, 1880 జనవరి 27న 223,898 నంబరు పేటెంటు వచ్చింది. డిసెంబరు 31 రాత్రి మెన్లో పార్కులో దీపాలు చూడటానికి జనం రైళ్లెక్కి వచ్చారు. అప్పటికే నూలుదారం పోయి అట్టముక్క వచ్చింది. మంచి దళసరి అట్టను నాడా ఆకారంలో కత్తిరించి బొగ్గు చేసేవారు.

అట్ట కూడా చాలలేదు. కాగితం అంటే పీచులన్నీ అడ్డదిడ్డంగా అతుక్కుని ఉంటాయి, మందం ఒకేలా ఉండదు. 1880 వేసవిలో ప్రయోగశాలలో ఒక తాటాకు విసనకర్ర కనిపించింది. దాని అంచుకు చుట్టిన వెదురు బద్దను విప్పి, చీల్చి, కాల్చి చూశారు. అంతవరకు చేసిన వాటన్నిటికంటే బాగా పనిచేసింది! వెదురులో పీచులు చివరి నుంచి చివరికి తిన్నగా, ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. చీలిస్తే దారి తప్పకుండా చీలుతుంది. ఇందాక చెప్పాను చూశారా, ఒకే మందం, ఒకే గుణం అని, అది ప్రకృతే చేసి పెట్టింది.

అక్కడి నుంచి వెదురు వేట మొదలైంది. విలియం మూర్ అనే ఆయనను చైనా, జపాన్ పంపారు. జపాన్‌లో క్యోటో దగ్గర యవాతలో మదాకే అనే వెదురు దొరికింది. దానితో చేసిన దీపాలు వెయ్యి గంటలు దాటి వెలిగాయి. ఎన్నో ఏళ్లు ఎడిసన్ దీపాలన్నిటికీ ఆ వెదురే. యవాతలో ఇవాషిమిజు హచిమాన్ గుడి ఆవరణలో ఎడిసన్ స్మారకం ఇప్పటికీ ఉంది. క్యూబా వైపు వెళ్లిన జాన్ సెగ్రెడర్ మాత్రం హవానాలో పచ్చజ్వరంతో చనిపోయాడు. ఒక పుల్ల కోసం ప్రాణం పోయింది. ఇంకొందరు బ్రెజిల్ అడవులకు వెళ్లారు. 1888లో జేమ్స్ రికల్టన్ అనే బడిపంతులు సింహళం, మన దేశం, బర్మా తిరిగాడు. ఇంకా మంచి వెదురు కోసం మన అడవుల దాకా వచ్చారన్న సంగతి చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది.

వెదురు దొరికితే పని అయిపోలేదు. బద్దను సన్నగా చీల్చి, యంత్రంతో గీసి, అంతటా ఒకే మందం వచ్చేలా చేయాలి. కాల్చేటప్పుడు వెదురు ముడుచుకుంటుంది. వదిలేస్తే వంకర్లు పోతుంది, గట్టిగా బిగించి పెడితే తెగుతుంది. అందుకని నికెలు మూసల్లో, పోగు ముడుచుకుంటూంటే దానితోపాటు చిన్నగా కదిలే బరువు పెట్టేవారు.

ఇదే చిక్కును ఇంకో రకంగా విప్పిన మనిషి లూయిస్ లాటిమర్. ఈయన పేరు పిల్లలు రాసుకోండి. తల్లిదండ్రులు బానిసత్వం నుంచి పారిపోయి వచ్చినవాళ్లు. 1848లో మసాచుసెట్స్‌లో పుట్టాడు. పెద్ద చదువులు లేవు. పేటెంటు లాయర్ల ఆఫీసులో చిన్న ఉద్యోగంలో చేరి, బొమ్మలు గీసేవాళ్లను చూసి తనంతట తనే డ్రాయింగ్ నేర్చుకున్నాడు. బెల్ టెలిఫోన్ పేటెంటుకు బొమ్మలు గీసింది ఈయనే. 1880లో ఎడిసన్‌కు పోటీ కంపెనీలో, హైరమ్ మాక్సిమ్ దగ్గర చేరాడు. పోగును బొగ్గు చేసేటప్పుడు దాన్ని అలాగే ముడుచుకునే గుణమున్న అట్ట కవర్ల మధ్య పెడితే, రెండూ కలిసి ఒకే తీరుగా ముడుచుకుంటాయి, పోగు విరగదు. ఈ పద్ధతికి 1882 జనవరి 17న పేటెంటు పొందాడు. తర్వాత ఎడిసన్ కంపెనీలోనే చేరాడు. నల్లజాతి మనిషికి ఆ రోజుల్లో అమెరికాలో అలాంటి చోట చోటు దొరకడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఈ బల్బు చూడండి. ఇది మామూలు 60 వాట్ల పాత బల్బు. దీన్ని చేతులు మారుస్తూ చూడండి, జాగ్రత్త. లోపల కింది నుంచి ఒక గాజు కాడ లేచింది కదా, దాని పైభాగం నొక్కినట్టు చదునుగా ఉంటుంది. ఆ చదును గాజులోంచి రెండు తీగలు పైకి వచ్చాయి. గాజులో మునిగిన చోట తీగ కొంచెం ఎర్రగా కనిపిస్తుంది, చూశారా? ఆ అర అంగుళం వెనక పెద్ద చరిత్ర ఉంది.

గాజులోంచి లోహం లోపలికి పోవాలి, గాలి పోకూడదు. దీపం వెలిగితే అన్నీ వేడెక్కుతాయి, వేడెక్కితే వ్యాకోచిస్తాయి. రాగి ప్రతి డిగ్రీకి పది లక్షల్లో 17 వంతులు సాగుతుంది, ఇనుము 12, గాజు సుమారు 9. రాగిని నేరుగా గాజులో పొదిగితే నాలుగు రోజుల్లో సందు పడుతుంది, లేదా గాజు పగులుతుంది. అదృష్టం కొద్దీ ప్లాటినం కూడా 9 వంతులే సాగుతుంది. అందుకే తొలి దీపాలన్నిటిలో గాజును దాటే ముక్క ప్లాటినం. అంత ఖరీదైన లోహం! ఏటేటా ఆ ముక్కను చిన్నది చేస్తూ పోయారు. చాలా ఏళ్ల తర్వాత, 1910 దాటాక, నికెలు ఇనుము కలిపిన తీగకు పైన రాగి తొడిగి సరిగ్గా గాజుతో సమానంగా సాగేలా చేశారు. మీకు ఎర్రగా కనిపించింది ఆ రాగే.

పాత బొగ్గుపోగు బల్బుల నెత్తిన చిన్న ముక్కులాంటి మొన ఉండేది. పంపుకు తగిలించిన గొట్టాన్ని కరిగించి తెంపిన చోటు అది. ఇప్పటి బల్బులో ఆ గొట్టం కింద లోహపు టోపీలో దాగి ఉంటుంది, అందుకే నెత్తి నున్నగా ఉంది.

ఇక కార్ఖానా. 1880లో మెన్లో పార్కులోనే మొదలై 1882లో అదే రాష్ట్రంలోని హారిసన్‌కు మారింది. వందల కొద్దీ పాదరసం పంపులు వరసగా. పైగిన్నెల్లోకి పాదరసాన్ని ఎత్తిపోయడానికి తిరిగే మరలు పెట్టారు. పాదరసం ఆవిరి పీలిస్తే నోటిపుళ్లు, వణుకు, నరాల జబ్బు వస్తాయి. అలాంటి గదుల్లో మనుషులు రోజంతా నిలబడి ఆ దీపాలు చేశారు.

ఎడిసన్ తర్వాత చెప్పిన లెక్క ప్రకారం మొదటి ఏడాది ఒక్కో దీపం తయారీకి సుమారు 1 డాలరు 10 సెంట్లు అయ్యేది, అమ్మకం 40 సెంట్లకు. ప్రతి దీపం మీద నష్టమే. రెండో ఏడాది 70 సెంట్లు, మూడో ఏడాది 50, నాలుగో ఏడాది 37 సెంట్లకు దిగి అప్పుడు మిగలడం మొదలైంది, చివరికి 22 సెంట్లు. ఎలా తగ్గింది? పోగు చివర్లను ప్లాటినంతో చిన్న బిగింపుతో పట్టించే బదులు రాగి పూత వేసి అతికించారు. గాజుబుడ్లను కార్నింగ్ గాజు కర్మాగారంలో ఊదించి తెప్పించారు. చేతిపనులను ఒక్కొక్కటిగా యంత్రాలకు మార్చారు.

ఇక్కడొక మాట దాచకుండా చెప్పాలి. గాజులో పోగు అతికించే పనివాళ్లు నేర్పుగలవాళ్లు. వాళ్లు సంఘం పెట్టుకుని గట్టిగా నిలబడితే, ఎడిసన్ గుట్టుగా 30 యంత్రాలు చేయించి పెట్టి సంఘాన్ని బయటికి పంపాడు. ఈ సంగతిని ఆయన విజయంగా చెప్పుకున్నాడు. నేనలా చెప్పలేను. ఆ చేతుల నేర్పు లేకపోతే ఆయన పేటెంటు కాగితంగానే ఉండిపోయేది.

1882 సెప్టెంబరు 4 మధ్యాహ్నం న్యూయార్క్‌లో ఎడిసన్ పెట్టిన పర్ల్ వీధి విద్యుత్కేంద్రం నడక మొదలైంది. మొదటి రోజు సుమారు 400 దీపాలు. ఒక్కోటి 16 కొవ్వొత్తుల వెలుగు, ఖర్చు 100 వాట్ల దాకా. ఇవాళ రెండు, మూడు వాట్ల ఎల్‌ఈడీ ఇచ్చే వెలుగు అది. అయినా పొగ లేదు, వాసన లేదు, గాలికి ఆరదు.

బొగ్గుపోగు దీపాలకు ఇంకో జబ్బు ఉండేది, వెలిగేకొద్దీ గాజు లోపల నల్లబడేది. ఆ నలుపు మధ్య ఒక్కచోట సన్నటి తెల్లగీత కనిపించేది. పోగు ఒక కాలి నీడ అది. పోగులోంచి ఏదో తిన్నగా ఎగిరొచ్చి గాజుకు తగులుతోందన్నమాట. లోపల ఇంకో లోహపు రేకు పెట్టి చూస్తే శూన్యంలో కరెంటు పారింది. ఎడిసన్ దాన్ని పట్టించుకున్నాడు కానీ దాని అర్థం తెలియలేదు. ఎలక్ట్రాన్లని తేలాక, 1904లో లండన్‌లో ఫ్లెమింగ్ దాన్నుంచే రేడియో వాల్వు చేశాడు. ఎంతో ఇష్టమైన కథ, సమయం లేదు కాబట్టి వదిలేస్తున్నాను.

స్వాన్, ఎడిసన్ ఒకరినొకరు కోర్టుకీడుస్తారని అందరూ అనుకున్నారు. ఇంగ్లండ్‌లో 1883లో ఇద్దరి కంపెనీలూ కలిసిపోయాయి, జనం దాన్ని ఎడిస్వాన్ అన్నారు. అమెరికాలో మాత్రం కోర్టు యుద్ధాలు ఏళ్ల తరబడి సాగాయి. సాయర్, మాన్ అనే ఇద్దరు, పీచున్న పదార్థమేదైనా సరే, దాని బొగ్గు మీద తమకే హక్కని పేటెంటు తీసుకున్నారు. 1895లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఎడిసన్ వేల రకాల మొక్కల పీచులు కాల్చి చూస్తే పనికొచ్చినవి కొన్నే, మరి అన్నిటి మీదా హక్కెలా అడుగుతారని. ఎడిసన్ పేటెంటును 1892లో పైకోర్టు సమర్థించింది, రెండేళ్లకే గడువు తీరిపోయింది.

చివరిగా మళ్లీ స్వాన్. ప్రకృతి ఇచ్చిన పీచు ఎంత మంచిదైనా ఎక్కడో తేడా ఉంటుంది. మరి మనమే పోగును చేసుకుంటే? పత్తిని నైట్రిక్ ఆమ్లంతో మార్చి, అసిటిక్ ఆమ్లంలో కరిగించి పాకంలా చేశాడు. దాన్ని సన్నటి రంధ్రంలోంచి ఆల్కహాలులోకి నొక్కాడు. అది గట్టిపడి ఎంత పొడవు కావాలంటే అంత పొడవు నున్నటి దారమైంది. మంట అంటుకునే గుణాన్ని రసాయనంతో తీసేసి, తర్వాత బొగ్గు చేశాడు. ఏ చోట కోసి చూసినా ఒకే మందం! మొదట్లో మన ముల్లు తెగిన కారణానికి ఇంతకంటే సరైన మందు లేదు. ఈ దారం మరీ నున్నగా, మెరుస్తూ ఉండటంతో ఆయన భార్య హానా దానితో లేసులు అల్లింది. 1885లో లండన్‌లో ప్రదర్శనకు పెట్టారు. మనిషి చేసిన తొలి పట్టుల్లో అదొకటి. ఇవాళ మనం కట్టుకునే రేయాన్ చీరకు ఇది పూర్వీకురాలు.

రికల్టన్ మూటకట్టుకొచ్చిన వెదుళ్లకు ఎక్కువ కాలం పని లేకపోయింది. కొద్ది ఏళ్లలోనే ఎడిసన్ కంపెనీ కూడా వెదురు వదిలి, ఇలా నొక్కి తీసిన పోగుకే మారింది. 1890ల్లో ఇటలీలో ఊదినేలో ఉండే మాలిన్యాని అనే ఆయన ఎర్ర భాస్వరం వాడి మిగిలిన గాలిని చిటికెలో తీసేసే పద్ధతి కనిపెట్టాడు. గంటల పని నిమిషాల్లోకి వచ్చింది, పాదరసం గదుల అవసరం తగ్గింది. ఆ తర్వాత ఆస్మియం, టాంటలం లోహాల పోగులు, 1904లో యూస్ట్, హనమాన్ చేసిన టంగ్‌స్టన్ పోగు, 1910లో కూలిడ్జ్ సాగదీసిన టంగ్‌స్టన్ తీగ. మీ చేతుల్లో తిరుగుతున్న బల్బులో ఉన్నది ఆ తీగే. టంగ్‌స్టన్ గురించి చెప్పాలంటే ఇంకో సాయంత్రం కావాలి.

బ్యాటరీ, ముల్లులు ఇక్కడే బల్ల మీద ఉంచుతున్నాను. చూడాలనుకున్న పిల్లలు ఒక్కొక్కరే రండి, పెద్దవాళ్లు పక్కన ఉండండి. వెనక నుంచి ఆ సోదరుడు చెయ్యెత్తారు, ముందు ఆయన ప్రశ్న విందాం. అడగండి.